లెక్క అడగడం అపనమ్మకమా?

పర్యాటక అభివృద్ధి అనే మాట ఈ రోజుల్లో పేపరు తెరిస్తే చాలు కనిపిస్తుంది. ఒక చోట కొత్త రిసార్టు, ఇంకో చోట చెరువు చుట్టూ లైట్లు, మరో చోట కోటకి మరమ్మతు. ఇన్ని కోట్లు మంజూరు అయ్యాయి అని పెద్ద అక్షరాలతో రాస్తారు. శంకుస్థాపన ఫోటో వస్తుంది. కానీ రెండేళ్ల తర్వాత ఆ కోట్లు ఏమయ్యాయి, ఎంతమంది వచ్చారు, ఊరికి ఏం మిగిలింది అనే వార్త మాత్రం చాలా అరుదుగా వస్తుంది. ఈ వ్యాసంలో నేను ఆలోచించాలనుకున్నది ఆ రెండో వార్త గురించే. ప్రజల డబ్బు ఖర్చుపెట్టిన ప్రభుత్వం ఎవరికి జవాబు చెప్పాలి? ఆ జవాబు అడగడం మన హక్కా, లేక పెద్దవాళ్లని అనుమానించడమా?

జవాబుదారీతనం అనే మాటలోనే జవాబు ఉంది. జవాబు ఉండాలంటే ముందు ప్రశ్న ఉండాలి. మన ఇళ్లలో పిల్లలు ఎక్కువ ప్రశ్నలు వేస్తే "ఎదురు మాట్లాడకు" అంటారు. అదే అలవాటు పెద్దయ్యాక కూడా మిగిలిపోతుందేమో అనిపిస్తుంది. సర్కారును ప్రశ్న అడిగితే ఎదురు తిరిగినట్టే అనుకుంటాం. నా ఉద్దేశంలో ఇవి రెండూ వేరు. నువ్వు తప్పు చేశావు అనడం నింద. ఏం చేశావో చెప్పు అనడం ప్రశ్న. నింద వేయాలంటే రుజువు కావాలి. ప్రశ్న అడగడానికి రుజువు అక్కరలేదు, ఆ డబ్బులో మనకి వాటా ఉంటే చాలు.

మనకి వాటా ఉందా? మా బస్తీలో కొందరు "మేం టాక్సు కట్టేంత పెద్దవాళ్లం కాదు" అంటారు. ఇది నిజం కాదు. 2017 జూలై 1 నుంచి దేశమంతా జీఎస్టీ అమల్లో ఉంది. సబ్బు కొన్నా, చెప్పులు కొన్నా, ఫోను రీచార్జి చేసినా దానిలో పన్ను ఉంటుంది. గనిలో పనిచేసే కార్మికుడు, ఇళ్లలో గిన్నెలు కడిగే అమ్మ, పెన్ను కొనుక్కునే నేను, అందరం కడుతున్నాం. ప్రభుత్వానికి సొంతంగా సంపాదన ఉండదు. అది మన దగ్గర తీసుకుని మన తరఫున ఖర్చుపెడుతుంది. అందుకే పెద్దలు "అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు" అని ఎగతాళి చేసేవాళ్లు. దానం చేసిన పుణ్యం అల్లుడికి, ఖాళీ అయింది అత్త పెట్టె. రిబ్బను కత్తిరించినవాళ్ల పేరు రాతి పలక మీద ఉంటుంది, డబ్బు కట్టినవాళ్ల పేరు ఎక్కడా ఉండదు.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. రోడ్లు, ఆసుపత్రులు, బడులు, వీటన్నిటికీ లెక్క కావాలి కదా, పర్యాటకం గురించే ఎందుకు ప్రత్యేకంగా మాట్లాడాలి? దీనికి కారణం ఉంది. మా బడికి టీచరు రాకపోతే మధ్యాహ్నానికే అమ్మానాన్నలకి తెలిసిపోతుంది. బోరు పాడైతే మర్నాడు పొద్దున్నే బిందెలు వరసలో కనిపిస్తాయి. వాడుకునేవాళ్లు పక్కనే ఉంటారు కాబట్టి పని చెడితే వెంటనే గొడవ అవుతుంది. కానీ పర్యాటకుల కోసం కట్టిన గది ఖాళీగా ఉంటే ఎవరు అడుగుతారు? దాన్ని వాడుకోవలసినవాడు ఎక్కడో దూరపు ఊళ్లో ఉంటాడు. అతను రాకపోతే రాలేదని ఫిర్యాదు కూడా చేయడు. వచ్చినా ఒక రోజు ఉండి వెళ్లిపోతాడు. ఊరివాళ్లేమో అది మన కోసం కాదులే అని పట్టించుకోరు. కట్టినవాళ్లకి బిల్లు అందింది, ప్రారంభించినవాళ్లకి ఫోటో అందింది. అడిగేవాళ్లు సహజంగా లేని చోట, అడిగే ఏర్పాటు ఇంకా గట్టిగా ఉండాలి.

ఇప్పుడు ఒక పాత కథ దగ్గరికి వెళ్దాం. మాజ్రి పక్కగా పారే వార్ధా నది ముందుకు వెళ్లి వైన్‌గంగతో కలిసి ప్రాణహిత అవుతుంది, ప్రాణహిత గోదావరిలో కలుస్తుంది, ఆ గోదావరి భద్రాచలం చేరుతుంది. అక్కడి రామాలయం కథ తెలుగు పిల్లలకి తెలియంది కాదు. పదిహేడో శతాబ్దంలో కంచర్ల గోపన్న అక్కడ గోల్కొండ ప్రభుత్వం తరఫున తహసీల్దారు. వసూలైన పన్నుల్లోంచి దాదాపు ఆరు లక్షలు గుడికి ఖర్చుపెట్టాడని కథ చెబుతుంది. ఖజానాకి డబ్బు చేరలేదని తానీషా ఆయన్ని గోల్కొండలో బంధించాడు. పన్నెండేళ్లు చెరసాలలో ఉన్నాడంటారు. ఆ చెరసాలని ఇప్పటికీ కోట చూడటానికి వచ్చినవాళ్లకి చూపిస్తారు.

చిన్నప్పుడు ఈ కథ విన్నప్పుడల్లా మనకి రామదాసు మీద జాలి, నవాబు మీద కోపం వస్తాయి. ఇప్పుడు మళ్లీ ఆలోచిస్తే ఇది ఎంత కష్టమైన ప్రశ్నో అర్థమవుతుంది. రామదాసు ఒక్క పైసా తన ఇంటికి తీసుకువెళ్లలేదు. మంచి పని చేశాడు, అందమైన గుడి కట్టాడు, ఈ రోజుకి కూడా లక్షల మంది అక్కడికి వెళ్తున్నారు. అయినా ఆ డబ్బు రైతులు పన్నుగా కట్టింది. దాన్ని ఫలానా పనికి వాడమని ఎవరూ ఆయనకి చెప్పలేదు. ఉద్దేశం మంచిదైతే లెక్క అక్కరలేదా?

ఈ ప్రశ్నకి జవాబు ఆ కథలోనే ఉంది. కథ చివర రామలక్ష్మణులు మారువేషంలో వచ్చి తానీషాకి మొత్తం డబ్బు చెల్లించి రసీదు తీసుకుంటారు. నాకు కథలో అన్నిటికంటే నచ్చింది ఆ రసీదే. దేవుడు తలుచుకుంటే చెరసాల తలుపులు వాటంతట అవే తెరుచుకోవచ్చు, నవాబు మనసు మారిపోవచ్చు. కానీ ఈ కథని వందల ఏళ్లుగా చెప్పుకుంటూ వచ్చిన మన పెద్దలు అలా చెప్పలేదు. బాకీ తీరాలి, రసీదు ఉండాలి, అప్పుడే భక్తుడు విడుదల కావాలి అని చెప్పారు. భక్తి గొప్పదే, లెక్క కూడా గొప్పదే అని వాళ్లకి తెలుసు. రామదాసు కూడా తన కీర్తనలో ఏ నగకి ఎంత అయిందో రాముడికి ఒక్కొక్కటే ఏకరువు పెడతాడు. అదే లెక్క పన్ను కట్టిన రైతులకి ముందే చెప్పి ఉంటే కథ ఇంకోలా ఉండేదేమో.

అదే భద్రాచలంలో 2022 డిసెంబరు 28న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము గారు కేంద్ర ప్రభుత్వ 'ప్రసాద్' పథకం కింద యాత్రికుల వసతుల పనులు ప్రారంభించారు. మంజూరైనది సుమారు 41 కోట్లు. రామదాసు కాలంలో ఒక తహసీల్దారు ఒక్కడే నిర్ణయించుకున్న పని ఇప్పుడు మంజూరు, టెండరు, తనిఖీ అనే మెట్లు ఎక్కి రావాలి. రాజ్యం ప్రజలది అయినందుకు వచ్చిన మార్పు ఇదే.

అయితే మెట్లు ఉన్నంత మాత్రాన అన్నీ సరిగా జరుగుతాయని చెప్పలేం. విశాఖపట్నంలోని రుషికొండ కథ చూడండి. సముద్రం ఒడ్డున ఉన్న ఆ కొండ మీద ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖ వారి హరిత రిసార్టు ఉండేది. 2021లో దాన్ని పడగొట్టి, కొత్త రిసార్టు కడతామని చెప్పి పని మొదలుపెట్టారు. కొండని తవ్వేస్తున్నారని కేసులు పడ్డాయి. విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పాత కట్టడం ఉన్న చోట, చదునుగా ఉన్న చోట మాత్రమే కట్టుకోవచ్చని 2022 జూన్‌లో ఆ కోర్టు చెప్పింది. 2024 ఫిబ్రవరిలో భవనాలని ప్రారంభించారు. అప్పటికి ఖర్చు దాదాపు 450 కోట్లని వార్తలు వచ్చాయి. అది ముఖ్యమంత్రి నివాసం కోసమే కట్టారని ఒక పక్షం అంది. అవి ప్రభుత్వ భవనాలే, ప్రభుత్వం ఎలా కావాలంటే అలా వాడుకోవచ్చని ఇంకో పక్షం అంది. 2024 జూన్‌లో ప్రభుత్వం మారాక లోపలి గదులు, స్నానాల గదులు టీవీలో చూసి జనం నోళ్లు తెరిచారు. ఆ తర్వాత కూడా ఆ భవనాలని దేనికి వాడాలన్న చర్చ చాలా కాలం సాగింది.

ఏ పార్టీది తప్పు అని తేల్చడం ఈ వ్యాసం పని కాదు. ఆ పని ఓటర్లది, కోర్టులది. నన్ను ఆలోచింపజేసింది వేరే విషయం. కట్టేది ఏమిటి, ఎవరి కోసం, ఎంత ఖర్చుతో అనే మూడు ప్రశ్నలకి కడుతున్నప్పుడే అందరికీ కనిపించేలా జవాబు ఉంటే ఇంత రభస జరిగేదే కాదు. రిసార్టు అయితే రిసార్టు అని, కార్యాలయం అయితే కార్యాలయం అని చెప్పి కట్టవచ్చు. పేరు ఒకటి, పని ఒకటి అన్న అనుమానం వచ్చాక ఎంత మంచి భవనమైనా జనానికి మంచిగా కనిపించదు. "సొమ్మొకడిది, సోకొకడిది" అనే సామెత వెంటనే గుర్తుకొస్తుంది. లెక్క దాచితే నష్టపోయేది ప్రజలు ఒక్కరే కాదు, నిజాయితీగా పనిచేసినవాడు కూడా నష్టపోతాడు. ఎందుకంటే తన నిజాయితీని చూపించడానికి అతని చేతిలో ఏమీ ఉండదు.

దూరం ఎందుకు, మన జిల్లాలోనే చూద్దాం. తాడోబా 1955లో జాతీయ ఉద్యానవనం అయింది, 1995లో పులుల అభయారణ్యం అయింది. చంద్రపూర్ పేరు బయటి దేశాల్లో కూడా తెలిసిందంటే ఆ పులుల వల్లనే. సఫారీ టికెట్ల డబ్బు అడవి రక్షణకీ, చుట్టుపక్కల ఊళ్ల బాగుకీ ఉపయోగపడాలి. పులుల కోసం అడవి లోపలి నుంచి కొన్ని ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఆ ఊళ్లవాళ్లు తమ ఇల్లు, పొలం వదులుకున్నారు. అలాంటి చోట టికెట్ డబ్బు మామూలు డబ్బు కాదు. 2023 ఆగస్టులో, ఆన్‌లైన్ బుకింగ్ చూసే ప్రైవేటు సంస్థ సుమారు 12 కోట్ల రూపాయలు తాడోబా ఫౌండేషన్‌కి చెల్లించలేదని పోలీసులకి ఫిర్యాదు వెళ్లింది. ఆ కేసులో దోషి ఎవరో కోర్టు తేలుస్తుంది. కానీ ఒక మాట మనం ఇప్పుడే చెప్పుకోవచ్చు. ఆ బాకీ బయటపడింది లెక్కలు తనిఖీ చేసినప్పుడే. ప్రతి నెలా తనిఖీ జరిగి ఉంటే అది 12 కోట్ల దాకా పెరగకముందే తెలిసేది. ఆలస్యంగా అడిగిన లెక్క వరద వెళ్లాక కట్టిన గట్టు లాంటిది.

దేశం మొత్తానికి లెక్క చూసే పెద్ద అధికారి ఒకరున్నారు. రాజ్యాంగం 148వ అధికరణం ప్రకారం నియమితులయ్యే కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్, పొట్టిగా కాగ్. పర్యాటకం కోసం కేంద్రం తెచ్చిన 'స్వదేశ్ దర్శన్' పథకంలో 76 ప్రాజెక్టులకి 5 వేల కోట్లకి పైగా మంజూరైంది. దాని మీద కాగ్ నివేదిక 2023 ఆగస్టులో పార్లమెంటు ముందుకి వచ్చింది. ముందుగా సరైన అధ్యయనం చేయకుండానే ప్రాజెక్టులు మంజూరు చేశారని అందులో తప్పుబట్టారు. అంటే ఎవరొస్తారు, ఎందుకొస్తారు అని తెలుసుకోకుండానే కట్టడం. కాగ్ కూడా ప్రభుత్వ వ్యవస్థలో భాగమే అని మనం గమనించాలి. ప్రభుత్వాన్ని ప్రభుత్వమే ప్రశ్నించుకునే ఏర్పాటు రాజ్యాంగం రాసినవాళ్లు పెట్టారు. మరి అదే ప్రశ్న మనం అడిగితే ద్రోహం ఎలా అవుతుంది?

జవాబుదారీతనంలో ఇంకో మెట్టు కూడా ఉంది, అది అడగకముందే చెప్పడం. మా తరగతి పిల్లలం భద్రావతిలోని విజాసన్ గుహలు చూడటానికి వెళ్లినప్పుడు ఒక్కొక్కరం 80 రూపాయలు ఇచ్చాం. మర్నాడు సార్ క్లాసుకి వచ్చి పాఠం మొదలుపెట్టకముందే బోర్డు మీద బండి కిరాయి, టిఫిన్, నీళ్ల డబ్బాలు అని వరసగా రాసి, మిగిలింది 46 రూపాయలు, దీన్ని ఏం చేద్దాం అని అడిగారు. మేమెవరం ఆయన్ని లెక్క అడగలేదు, అడగాలని మాకు తోచనూ లేదు. సార్ మీద మా నమ్మకం ఆ రోజు తగ్గలేదు, పెరిగింది. మిగిలిన డబ్బుతో చాక్‌పీసు డబ్బాలు కొన్నాం. 2005 సమాచార హక్కు చట్టంలో నాలుగో సెక్షను చెప్పేది కూడా ఇదే. ప్రభుత్వ కార్యాలయాలు తమ బడ్జెట్టు, ఖర్చు, పథకాల వివరాలు ఎవరూ అడగకుండానే బయట పెట్టాలి. ఆరో సెక్షను కింద దరఖాస్తు పెట్టడం తర్వాతి మాట. నాలుగో సెక్షను సరిగా అమలైతే చాలా దరఖాస్తుల అవసరమే ఉండదు.

దీనికి ఎదురు వాదన కూడా ఉంది. ప్రతిదానికీ లెక్క అడిగితే అధికారులు భయపడి సంతకమే పెట్టరు, పనులు ఆగిపోతాయి అంటారు. ఇందులో కొంత నిజం ఉంది. రోజూ వంద ప్రశ్నలకి జవాబు రాసే అధికారికి పని చేసే సమయం ఎక్కడిది? కానీ దీనికి విరుగుడు ప్రశ్నలు ఆపడం కాదు, లెక్క చెప్పే పద్ధతిని సులువు చేయడం. ఈ విషయంలో తెలుగువాళ్లు దేశానికి దారి చూపించారు. ఉపాధి హామీ పనుల మీద 2006 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీ జరిగింది. ఊరి యువకులకే శిక్షణ ఇచ్చి, ఇంటింటికీ వెళ్లి రికార్డులో రాసింది, నిజంగా జరిగింది సరిపోల్చి, చివరికి అందరి ముందూ చదివి వినిపించేవారు. దాని వల్ల ఉపాధి పనులు ఆగిపోలేదు. కూలీ పనికి జరిగిన ఆ తనిఖీ రిసార్టుకి, పార్కుకి ఎందుకు జరగకూడదు? పేదవాడి కూలీ లెక్క అందరి ముందూ చదవవచ్చు కానీ పెద్ద కాంట్రాక్టరు బిల్లు చదవకూడదు అంటే అది న్యాయం కాదు.

మా ఊళ్లో నేను విన్న ఇంకో మాట నన్ను ఎక్కువ బాధపెట్టింది. "మనం తెలుగువాళ్లం, బతకడానికి వచ్చినవాళ్లం. ఇక్కడి పార్కులు, కోటలు మనకెందుకు? అడిగితే మరాఠీవాళ్లు అడగాలి." బొగ్గు గనుల్లో పనికోసం తాతల కాలంలో వచ్చిన కుటుంబాల్లో ఈ భయం ఇంకా ఉంది. కానీ పన్ను వేసేటప్పుడు దుకాణంలో ఎవరూ నీ మాతృభాష ఏది అని అడగరు. రాజ్యాంగం భాషా అల్పసంఖ్యాకులకి బడి పెట్టుకునే హక్కు ఇచ్చింది, అందుకే ఈ పత్రిక తెలుగులో వస్తోంది. అదే రాజ్యాంగం ప్రశ్నించే హక్కుని భాషతో ముడిపెట్టలేదు. సమాచార హక్కు దరఖాస్తు మరాఠీలో రాయవచ్చు, పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల్లో జవాబు రావాలి. మా బడిలో తెలుగుతో పాటు మరాఠీ కూడా నేర్పుతున్నారు. ఇంట్లో అమ్మానాన్నలకి వచ్చిన ప్రశ్నని మరాఠీలో కాగితం మీద పెట్టగలిగేది మనమే. రెండు భాషలు రావడం వల్ల కలిగే అసలు లాభం ఇది అని నాకనిపిస్తుంది. ఈ మాట మా నాన్నతో అంటే "పైసలు మనయి, అడిగితే తప్పేంది బిడ్డా, జర మర్యాదగ అడుగు" అన్నారు. మర్యాదగా అడగాలన్న మాట నేను మర్చిపోను.

పర్యాటకం డబ్బు గురించి మాజ్రి పిల్లలు పట్టించుకోవడానికి అన్నిటికంటే పెద్ద కారణం మన భవిష్యత్తు. బొగ్గు ఎప్పటికీ ఉండదు. గని మూతపడితే ఊరు ఏం తింటుంది? నాగపూర్ దగ్గర సావనేర్‌లో డబ్ల్యూసీఎల్ వాళ్లు ఎకో పార్కు కట్టి, గనిని కూడా జనానికి చూపిస్తున్నారు. తాడోబా దగ్గర మొహర్లీ లాంటి ఊళ్లలో మనలాంటి యువకులు గైడ్లుగా, జిప్సీ డ్రైవర్లుగా బతుకుతున్నారు. మాజ్రి చుట్టూ భద్రావతి గుహలు, జైన మందిరం, వరోరా దగ్గర బాబా ఆమ్టే గారి ఆనందవనం ఉన్నాయి. రేపు మనకి ఉద్యోగం ఇచ్చేది ఇలాంటి చోట్లేమో. కాబట్టి ఇవాళ పర్యాటకం పేరుతో వృథా అయ్యే ప్రతి రూపాయి ఎవరిదో కాదు, గని మూతపడిన రోజు మన చేతికి రావలసిన పని.

అప్పు చేసి కడితే ఆ భారం కూడా పిల్లల మీదే పడుతుంది. కెనడాలోని మాంట్రియల్ నగరం 1976 ఒలింపిక్స్ కోసం పెద్ద స్టేడియం కట్టింది. ఆటలు రెండు వారాల్లో అయిపోయాయి. అప్పు తీరడానికి మాత్రం 2006 దాకా, అంటే ముప్పై ఏళ్లు పట్టింది. ఆ ఆటలు జరిగేనాటికి పుట్టనివాళ్లు కూడా ఆ అప్పు తీర్చారు. అందుకే ప్రభుత్వం ఓటు వేసినవాళ్లకే కాదు, ఇంకా ఓటు రాని మనకి కూడా జవాబు చెప్పాలి.

ఇదంతా చదివి పర్యాటకానికి డబ్బే ఇవ్వకూడదని ఎవరూ అనుకోవద్దు. మన జిల్లా కేంద్రంలో గోండు రాజుల కోట గోడ ఎన్నో ఏళ్లు చెట్లు, చెత్తతో కప్పుకుపోయి ఉండేది. 2017లో ఎకో-ప్రో సంస్థ కార్యకర్తలు రోజూ పొద్దున్నే వెళ్లి నెలల తరబడి దాన్ని శుభ్రం చేశారు. ప్రధానమంత్రి కూడా తన రేడియో ప్రసంగంలో వాళ్లని మెచ్చుకున్నారు. డబ్బు కంటే ముందు ప్రేమ ఉండాలని వాళ్లు చూపించారు. అయినా పడిపోయే బురుజుని నిలబెట్టాలంటే డబ్బు కావాలి, నిపుణులు కావాలి, అది సర్కారు పని. ప్రజల శ్రమ, సర్కారు డబ్బు, రెండిటి లెక్కా ఒకే బోర్డు మీద కనిపించిన రోజు ఆ కోట నిజంగా అందరిదీ అవుతుంది.

మిత్రులారా, ఇకనుంచి ఎక్కడికి విహారయాత్రకి వెళ్లినా సెల్ఫీ తీసుకున్న తర్వాత ఒక్క నిమిషం ఆగి చూద్దాం. ఇది కట్టడానికి ఎంత అయిందో రాసిన బోర్డు ఉందా? మరుగుదొడ్డి తాళం తీసి ఉందా? వీల్‌చెయిర్ మీద వచ్చినవాళ్లు లోపలికి వెళ్లగలరా? పక్క ఊరివాళ్లకి ఇక్కడ పని దొరికిందా? లేకపోతే ఇంటికి వచ్చి మరాఠీలో నాలుగు వాక్యాలు రాసి, పెద్దల చేత సంతకం పెట్టించి, మర్యాదగా అడుగుదాం. నమ్మకం ఉన్న చోటే మనం లెక్క అడుగుతాం. జవాబు వస్తుందన్న ఆశ పోయిన రోజునే మనిషి అడగడం మానేస్తాడు.